బుగ్గన లవంగం

నూనె కాగగానే పద్మారాణి గుప్పిట్లోని లవంగాలు వదిలింది. అవి ఉబ్బి చిటపటలాడాయి. వెనకే బిర్యానీ ఆకు, ఉల్లిపాయలు పడేసరికి బగారన్నం వాసన మెట్ల కింది దాకా దిగింది. ఊరు విడిచి పరాయి రాష్ట్రానికి వచ్చి, ఈ లింబాయత్ బస్తీలో మగ్గాలు నడిపే తెలంగాణ వాళ్లలో చాలామంది మధ్యాహ్నం ఆమె మెస్సులోనే తింటారు. ఆమె మోచేతుల దాకా నూనె చిట్లిన మచ్చలు.

వాళ్లకు ఆమె సగం డాక్టరు కూడా. దగ్గుకు లవంగం కాల్చి తేనెలో ఇస్తుంది. కడుపుబ్బరానికి లవంగాలు మరిగించిన నీళ్లు, పంటికి లవంగ నూనెలో ముంచిన దూది. తగ్గిందని ఎవరైనా అంటే ఆ రోజంతా కూరలో ఉప్పు కూడా సరిగ్గా పడుతుంది.

పరమేశ్వర్ మెట్లెక్కి వచ్చి గోడకు ఆనుకున్నాడు. యాభై దాటిన మనిషి. కనుబొమల మీద దారపు ధూళి. అరచేత్తో ఎడమ దవడ పట్టుకున్నాడు.

"నీ లవంగంతోని ఇంకా తగ్గలే చెల్లె. మెట్లెక్కితె గుంజుతది, జర కూసుంటె పోతది."

"మెట్లెక్కితె నొచ్చే పన్ను ఏడ జూసినవ్ అన్నా? దానికేమన్న కాళ్లున్నయా ఏంది?"

తింటున్నవాళ్లు నవ్వారు. అతనూ నవ్వాడు.

"తిన్నంక దవాఖానకు పోతా. సేఠ్ ఛుట్టీ ఇచ్చిండు."

అతను దవాఖానకు పోతే తన మందు పనిచేయలేదని అందరికీ తెలుస్తుంది. ఆ మాట పద్మారాణి లోపలే ఉంచుకుంది.

"పంటికి గూడ ఛుట్టీ ఏందన్నా? బుగ్గల లవంగం వెట్టుకొని పనికి పో. రేపటికల్ల తగ్గుతది."

అతను ఒక క్షణం ఆమె వైపు చూశాడు. "సరే, నువ్వన్నవ్ గదా" అని కూర్చున్నాడు. మెల్లగా తిని మగ్గానికే వెళ్లాడు.

పొద్దు వాలుతుండగా పక్క మగ్గం రాంప్రసాద్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"పరమేశన్న పోయిండక్కా. మగ్గం కాడ్నే కూలవడ్డడు. గుండె అంటున్నరు. పన్ను కాదంట. కొందరికి గుండె నొప్పి దవడకు వస్తదంట."

పద్మారాణి నోరు తెరిచింది. దవాఖానకు పోతానన్నవాణ్ని తానే పనికి పంపానన్న మాట నాలుక దాకా వచ్చి ఆగింది.

"నువ్వైతె సొంత అన్న లెక్క జూస్కున్నవక్కా" అన్నాడు రాంప్రసాద్.

ఆమె తల ఊపింది. అలా ఊపినందుకు కాసేపటిదాకా తల ఎత్తలేకపోయింది.

అతను వెళ్లాక మధ్యాహ్నపు కంచాల ముందు కూర్చుంది. అన్నిటి అంచుల మీదా నమలకుండా ఏరి పక్కన పెట్టిన లవంగాలు ఎండి ఉన్నాయి. పరమేశ్వర్ కంచం అంచు మీద ఒక్కటీ లేదు.