ఒకే టబ్బులో మూడు కాపురాలు

మా ఆయన యోగానంద్ కెనడాలో ఓక్‌విల్ అనే ఊళ్లో కార్ల ఫ్యాక్టరీలో లేఅవుట్ ఇంజనీరు. ఏ మిషను ఎక్కడ పెడితే ఎంత చోటు కలిసొస్తుందో చూడడం ఆయన ఉద్యోగం. అది ఫ్యాక్టరీతో ఆగితే నాకే గొడవా లేదు. ఇంటికొచ్చాక కూడా ఆ పనే. నా పోపుల డబ్బాని ఒకసారి ఆయన పద్ధతిలో సర్దారు. ఇంకోసారి ముట్టుకుంటే వంట మీరే చేసుకోండి అన్నాక మానుకున్నారు.

ఈ వేసవికి మా అత్తగారు బేబీగారూ, మా అమ్మ సుభద్రా ఇద్దరూ ఒకేసారి, అమ్మానాన్నల కోసం ఇక్కడిచ్చే సూపర్ వీసా మీద, ఆరు నెలలుండడానికి వస్తున్నారు. ఆయన ప్లాను ప్రకారం ఇద్దరికీ బేస్‌మెంట్‌లో ఒకే గది, పక్కపక్కన మంచాలు. మేడ మీద ఇంకో గది ఉంది గానీ అది ఆయన ఆఫీసట. వర్క్ ఫ్రమ్ హోమ్ ఉన్న రోజున అందులో కూర్చుంటారు. మిగతా రోజుల్లో అందులో దుమ్ము కూర్చుంటుంది.

"ఇద్దరికీ ఒకే గదేమిటండీ? చెరొకటి ఇద్దాం," అన్నాను.

"సర్దుకుపోతారులే శ్యామలా. మనవాళ్లు సర్దుకోలేని చోటంటూ ఉందా?"

ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మా అత్తగారు మంచి మనిషే. కానీ ఆవిడ గొంతు విప్పితే పక్కింటి కుక్క మొరగడం ఆపి వింటుంది. మా అమ్మ చూస్తే నోట్లో నాలుక లేని మనిషి. ఆరు నెలలు ఆవిడతో ఒకే గదిలో ఉంటే మా అమ్మ కూరలో కరివేపాకు అయిపోదూ? నా భయమంతా అదే.

ఇక్కడ మా మ్యాంగో గురించి చెప్పాలి. మా అమ్మాయి అనన్య పెంచుకునే బియర్డెడ్ డ్రాగన్ అది. పేరు గొప్పే గానీ చూస్తే మన తొండే, గడ్డం ఒకటి అదనం. దానికి బతికున్న పురుగులు కావాలి. అందుకని లాండ్రీ రూములో మూడు డబ్బాలుంటాయి. ఒకదాంట్లో కీచురాళ్లు, ఒకదాంట్లో పిండిపురుగులు, ఇంకోదాంట్లో సూపర్‌వర్మ్‌లనే వేలెడేసి లావుపాటి పురుగులు. గుడ్డు కూడా ముట్టని ఇంట్లో పుట్టినదాన్ని, రోజూ పొద్దున్నే పురుగులకి క్యారెట్ తరిగిపెడుతున్నాను. ఏ జన్మలో ఏం చేశానో.

ఆ మూడు డబ్బాలూ ఒక శనివారం మా ఆయన కంట్లో పడ్డాయి. షెల్ఫంతా వేస్టయిపోతోందని వెళ్లి పెద్ద టబ్బు కొనుక్కొచ్చారు. అడుగున పురుగుల కోసం గోధుమ తవుడు పోశారు. పైన కీచురాళ్ల కోసం గుడ్ల అట్టలు నిలబెట్టారు.

"కింద ఒకళ్లు, పైన ఒకళ్లు. డూప్లెక్స్!" అన్నారు.

"డాడ్, యూ కాంట్ మిక్స్ దెమ్," అంది అనన్య. "దే ఈట్ ఈచ్ అదర్."

"కడుపునిండా పెడితే ఎవరూ ఎవర్నీ తినరమ్మా. సర్దుకుపోతాయి."

మళ్లీ అదే మాట! నాకు తిక్క రేగింది.

"అయితే పందెం," అన్నాను. "ఇవి ఈ టబ్బులో సర్దుకుంటే మన అమ్మలకి ఒకే గది. సర్దుకోకపోతే మీ ఆఫీసు ఖాళీ చెయ్యాలి."

"డన్. ఇందులో మా అమ్మ ఎవరు?"

"కీచురాళ్లు. వేరే చెప్పాలా?"

ఆయనకీ నవ్వాగలేదు. "సూపర్‌వర్మ్‌లు మీ అమ్మా?"

"అవును. పాపం, నోరెత్తకుండా తవుడు కింద పడుంటాయి."

"మరి పిండిపురుగులు?"

"మనం."

మొదటిరోజు కీచురాళ్ల గోలకి ఇల్లు పెళ్లిల్లయింది. మ్యాంగో అప్పుడే కుబుసం విడుస్తూ తిండి మానేయడంతో అనన్యకి టబ్బుతో పని పడలేదు. మా ఆయనే మూత కొద్దిగా తెరిచి క్యారెట్ ముక్కలు లోపల పడేసేవారు. రోజురోజుకీ గోల తగ్గింది. వారం తిరిగేసరికి చప్పుడే లేదు.

"విన్నావా?" అన్నారు మూతకి చెవి ఆనించి. "ఏమీ వినబడట్లేదు. కొత్తలో కాస్త గొడవ, తర్వాత ప్రశాంతం. సర్దుకోవడమంటే అదే."

ఆ సాయంత్రమే టేపు పట్టుకుని బేస్‌మెంట్ కొలిచారు. నాకు దిగులు పట్టుకుంది. పందెం వేసింది నేనే, నోరు మూసుకోవాలి. ఆ బేస్‌మెంట్‌లో ఓ మూల ముడుచుకు పడుకున్న అమ్మే కళ్లముందు మెదిలి ఏడుపొచ్చింది.

మర్నాడు మ్యాంగోకి ఆకలి తిరిగొచ్చింది. అనన్య మూత తీసింది.

"మామ్! దేర్ ఆర్ నో క్రికెట్స్!"

పరుగెత్తాం. ఆయన గుడ్ల అట్టలు ఒక్కొక్కటే ఎత్తి చూశారు. కాళ్లూ రెక్కలూ తప్ప ఒక్క కీచురాయి లేదు. తవుడు తిరగేశారు. పిండిపురుగుల ఖాళీ పొట్టు మిగిలింది. సూపర్‌వర్మ్‌లు మాత్రం నిగనిగలాడుతూ ఇంకాస్త లావెక్కాయి. అందులో ఒకటి చప్పుడు లేకుండా, నిదానంగా, ఓ కాలు నములుతోంది.

"గెలిచాను!" అని చప్పట్లు కొట్టాను.

ఆయన ఓడిపోయినవాడిలా లేరు. టబ్బు వంక చూశారు, నా వంక చూశారు.

"శ్యామలా, కీచురాళ్లు మా అమ్మ కదూ?"

"అవును."

"పిండిపురుగులు మనం కదూ?"

నా చప్పట్లు ఆగిపోయాయి.

గుంటూరులో మా అన్నయ్య ఇల్లు గుర్తొచ్చింది. అమ్మ అక్కడికి వెళ్లిన కొత్తలో వంటమనిషి తనంతట తనే మానేసింది. తర్వాత వదిన కాఫీ పెట్టడం మానేసింది. ఆ తర్వాత వంటింట్లోకి రావడమే మానేసింది. ఇప్పుడు అవసరం పడితే గుమ్మం దగ్గర నిలబడి, "అత్తయ్యా, ఉప్పు ఎక్కడ పెట్టారు?" అని అడుగుతుంది. అమ్మ ఎవర్నీ పల్లెత్తు మాట అన్లేదు. ఆ ఇంట్లో గొంతు పెరగగా నేనెప్పుడూ వినలేదు. ఎంత ప్రశాంతమైన ఇల్లో అని పదిమందికి చెప్పుకున్నాను కూడా.

ఆయన ఆ పూటే ఆఫీసు ఖాళీ చేశారు. మానిటరు తనే బేస్‌మెంట్‌కి మోసుకుపోయారు. గెలిచిన నేను కీబోర్డు పట్టుకుని ఆయన వెనకాలే దిగాను.

ఆదివారం అమ్మకి వీడియో కాల్ చేసి గది సంగతి చెప్పాను.

"నాకెందుకమ్మా విడిగా గది?" అంది మెల్లగా. "వంటింటి పక్కన కాస్త చోటిస్తే చాలు. సర్దుకుపోతాను."

మా ఆయన నా చేతిలోంచి ఫోను లాక్కున్నారు. "వద్దత్తయ్యగారూ! గది మేడ మీద, మీ ఒక్కరికే. తలుపు కూడా బాగా పడుతుంది."

"అల్లుడుగారికి నేనంటే ఎంత అభిమానమో," అని అమ్మ కళ్లొత్తుకుంది.

వాళ్ల మాటలు అవుతుండగానే నేను లేచి వంటింట్లోకి వెళ్లాను. స్టూలెక్కి, నా పోపుల డబ్బాని అన్నిటికంటే పై అరలో పెట్టాను. అమ్మ కాస్త పొట్టి.