డార్లిస్ మొహం మీద నిమ్మకాయ

మా చెల్లెలు ఎనిల్డాకి దేనికైనా నిమ్మకాయే మందు. వేయించిన చేపకీ అదే, జలుబుకీ అదే, చెమట వాసనకీ అదే. కూతురు డార్లిస్ బుగ్గల మీద మొటిమలు గుత్తులుగా లేస్తే, కాయ కోసి నేరుగా మొహం మీదే రుద్దేసింది. ఆ మొహంతోనే పిల్ల డాన్సు ప్రాక్టీసుకి పోయింది. మా బరాంకియా ఊళ్ళో ఎండ గురించి నేను చెప్పాలా? ఒకటి రెండు రోజుల్లో బుగ్గలు కందిపోయాయి, ఆ పైన గోధుమరంగు మచ్చలు తేలాయి.

నేను మా పేట కుంబియా డాన్సు బృందంలో డోలు వాయిస్తాను. కార్నివాల్ ఊరేగింపులో ఈసారి ముందు వరసలో ఆడాల్సింది డార్లిసే. పదిహేనేళ్ళ పిల్లకి ముందు వరస ఇవ్వడం మా దగ్గర చిన్న విషయం కాదు. వాళ్ళమ్మ పాత లంగా చుట్టుకుని వంటింట్లో గిరగిరా తిరిగిన రోజుల నుంచీ ఆ పిల్లకి అదే కోరిక.

అలాంటిది, ఒకరోజు మరిమోందా ముసుగు తొడుక్కుని ప్రాక్టీసుకి వచ్చింది. తలంతా కప్పేసే గుడ్డ, తొండంలాంటి ముక్కు, చాటల్లాంటి చెవులు. అది వేరే గుంపు వేషం. వాళ్ళు ఈలలు ఊదుకుంటూ అల్లరి చేసుకుంటూ పోతారు.

"ఇదేంటే కొత్తగా?" అంది బృందం నడిపే ఆస్ట్రిద్.

"నేను వాళ్ళతో పోతా అక్కా."

"ఆ ముక్కేసుకుని కుంబియా ఆడితే పక్కవాళ్ళు తట్టుకుని పడతారని భయమా?"

"నవ్వకక్కా. అక్కడ ఎవరి మొహం ఎవరికీ కనబడదు."

ఆస్ట్రిద్ గొంతు తగ్గించింది. "కార్నివాల్ ముందు ఆదివారం దాకా నీ చోటు ఉంచుతా. అప్పటికీ ముసుగు తియ్యకపోతే ఇంకో పిల్లని పెట్టుకోక తప్పదు."

అప్పటికింకా క్రిస్మస్ కూడా రాలేదు, కార్నివాల్‌కి రెండు నెలల పైనే ఉంది. మా చెల్లెలు ఈసారి మొటిమలకి పూయడానికి టూత్‌పేస్టు తీస్తుంటే, నేనే ఇద్దర్నీ చర్మం డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. డాక్టరమ్మ చిన్నపిల్లే. ఆవిడ గడ్డం మీదే ఒక మొటిమ బలంగా కూర్చుని ఉంది. డార్లిస్ దాన్నే చూస్తోంది.

"చూశావా? మా ఇంటి ఓనరు. పిలవకుండా వస్తాడు, పొమ్మన్నా పోడు," అందావిడ.

చాలా రోజుల తర్వాత మా పిల్ల నవ్వింది.

"నిమ్మకాయ చేపకి పిండండమ్మా. టూత్‌పేస్టు పళ్ళకి. పిల్ల మొహానికి రెండూ వద్దు," అని మా చెల్లెలితో చెప్పి, డార్లిస్ వైపు తిరిగింది. పొద్దున, రాత్రి, చెమట పట్టినప్పుడు, వాసన లేని మెత్తటి ఫేస్‌వాష్, గోరువెచ్చటి నీళ్ళు. గిల్లకూడదు, గీకకూడదు, టవలుతో అద్దుకోవాలి. పల్చటి క్రీము, పగలైతే జిడ్డులేని సన్‌స్క్రీన్. రాత్రి శనగగింజంత మందు. నేను ముసుగు సంగతి చెబితే, అది మాత్రం వద్దంది, లోపల చెమటకి మొటిమలు ఇంకా రేగుతాయట. తగ్గడానికి వారాలు పడుతుంది.

"అంతేనా? ఇదేమీ మండదా?" మా చెల్లెలు నీరుగారిపోయింది. "మండకపోతే పనెలా చేస్తుంది డాక్టరమ్మా?"

"బాగా మండితే ఆపేసి నా దగ్గరికి రండి."

మొదట్లో ఏ మార్పూ లేదు. పిల్ల అద్దం ముందు ఏడ్చింది. ఎనిల్డా చెయ్యి నిమ్మకాయల బుట్ట వైపు పోయినప్పుడల్లా, "అమ్మా, ఆ చెయ్యి తియ్యి," అనేది డార్లిస్. "చేపకేనే తల్లీ," అనేది మా చెల్లెలు. క్రిస్మస్ పండగ వంటలు అయ్యాక, కొత్త మొటిమలు రావడం తగ్గింది. ఎరుపు చల్లారింది. నిమ్మకాయ మచ్చలు మాత్రం లీలగా ఉన్నాయి.

ఆస్ట్రిద్ గడువు పెట్టిన ఆదివారం డార్లిస్ ముసుగు లేకుండా వచ్చింది. వెనకాలే వాళ్ళమ్మ పౌడరు డబ్బాతో పరిగెత్తుకొచ్చింది.

"ఆ నాలుగు మచ్చలూ కనబడకుండా కాస్త దట్టంగా పూస్తానే."

"వద్దమ్మా. చెమటకి అట్టకట్టి మళ్ళీ మొదటికొస్తుంది. కనబడితే కనబడనీ."

"నువ్వు మొహంతో ఆడతావా, నడుంతో ఆడతావా?" అంది ఆస్ట్రిద్.

"రెంటితోనూ అక్కా."

"అయితే వెళ్ళి ముందు నిలబడు."

నేను డోలు అందుకున్నాను.

ఊరేగింపు రోజు, డార్లిస్ చేతిలో కుంబియాకి పట్టుకునే కొవ్వొత్తులు, జడలో పువ్వు, మొహాన జిడ్డులేని క్రీము, అంతే. ఎంత బాగా ఆడిందంటే నేనే ఒకచోట తాళం తప్పాను. మా కార్నివాల్లో మొక్కజొన్న పిండి చల్లితే ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. సాయంత్రానికి అందరం తెల్లగా తయారై మా పెరట్లో చేరాం. ఆడపిల్లలు లంగా అంచులతో మొహాలు బరబరా తోమేసుకుంటున్నారు.

"రుద్దకండే, అద్దండి," అంటూ డార్లిస్ నడుం మీద చేతులు పెట్టుకుని వరసంతా తిరిగింది. ఎనిల్డా గోరువెచ్చటి నీళ్ళ గిన్నె పట్టుకుని కూతురి వెనకాల నడిచింది.

ఆస్ట్రిద్ వచ్చి బల్ల మీద కూర్చుంది. "నా మొహం కూడా కాస్త చూడవే. బుద్ధెరిగినప్పటి నుంచీ గీకుతూనే ఉన్నాను."

"కళ్ళు మూసుకో అక్కా," అని డార్లిస్ చేతులు తడుపుకుంది.