చిటికెడు మెగ్నీషియం

“అడుగంటనివ్వకు,” అంది అత్తగారు ఖద్దూజ, కుర్చీలోంచి లేవకుండానే.

సొందెస్ గరిటె తిప్పుతూనే ఉంది. రేపు ఈద్. స్ఫాక్స్ ఊళ్ళో పండగపూట ఉప్పుచేప పక్కన షర్మూలా పులుసు లేకపోతే ఆ ఇంట్లో ఎవరో పోయారనుకుంటారు. ఉల్లిపాయలూ ఎండుద్రాక్ష రసమూ సన్నసెగమీద గంటలకొద్దీ ఉడికి నల్లబడాలి. ఉపవాసంతో, గొంతులో చుక్క నీళ్ళు లేకుండా, ఎవరో ఒకరు పొయ్యి పక్కన నిలబడాలి. ఆ ఎవరో ఒకరు ఎవరన్నది ఈ ఇంట్లో ఎప్పుడూ చర్చకు రాలేదు.

పొద్దున ఆమె ల్యాబ్‌కి బయల్దేరబోయింది. రెండు ఆర్‌ఎన్‌ఏ లూపులు ఒకదాన్నొకటి పట్టుకుని గట్టిగా నిలుస్తాయని ఆమె రాసిన వ్యాసానికి సైన్సు పత్రికవాళ్ళు మరో రుజువు అడిగారు. ఒక్క జెల్ పరీక్ష చేస్తే చాలు. కలిసి ఉన్నవి బరువుగా జెల్ పైభాగంలోనే ఆగుతాయి, విడిపోయినవి కిందికి జారిపోతాయి. గడువు రేపే. భర్త మొంధిర్‌దీ అదే ల్యాబ్, ఆమెకన్నా పై హోదా.

“ఒక జెల్లే కదా, నేను చేసుకొస్తాలే. ఇవాళ నువ్వు గడప దాటితే అమ్మ నీ ప్రాణం తీస్తుంది,” అన్నాడు తాళాలు తీసుకుంటూ. ఏదో పెద్ద త్యాగం చేస్తున్నవాడి మొహం పెట్టాడు.

సాయంత్రం అసర్ నమాజు వేళకి తిరిగొచ్చాడు.

“నీ మొగుణ్ణి అడుగు, రొట్టెలు తెచ్చాడేమో,” అంది ఖద్దూజ.

మొంధిర్ తల్లికి రెండు బారల దూరంలో నిలబడి ఉన్నాడు. “మర్చిపోయానని చెప్పు.”

“పని ఒత్తిడిలో మర్చిపోయాడట అత్తయ్యా,” అంది సొందెస్. పని ఒత్తిడి ఆమె సొంత చేర్పు. తండ్రి పోయిననాడు కొడుకు పారిస్ సభలో ఉపన్యాసం ముగించుకుని గాని బయల్దేరలేదు. అప్పటినుంచీ తల్లీకొడుకులకు మాటల్లేవు. అయినా ఇల్లు నడుస్తోంది, ఒకే బల్లమీద భోజనాలు చేస్తున్నారు, చుట్టాలొచ్చి ఎంత కలిసికట్టుగా ఉన్నారో అని మెచ్చుకుని పోతున్నారు. అటు మాట ఇటు, ఇటు మాట అటు, ముళ్ళు తీసి మోసేది సొందెస్. మోసి మోసి ఆమెకి నోరు నొప్పి పుట్టింది.

మొంధిర్ ఫోన్ చూపించాడు. జెల్ ఫొటోలో అడుగున విడివిడిగా రెండు గీతలు. పైన ఏమీ లేదు.

“విడిపోయాయి. నీ లూపులు నిలవడంలేదు. ఆ భాగం తీసేద్దామని ప్రొఫెసర్ గారికి రాసేశాను.”

ఆ భాగమే ఆమెది. అది పోతే మిగిలేది అతని లెక్కలు, మొదట వచ్చేది అతని పేరు.

“నన్నడక్కుండానా?”

“నీకు చెయ్యి ఖాళీ లేదుగా.”

సొందెస్ ఫొటోని మళ్ళీ చూసింది. “జెల్‌కి ఏ సీసాలోని బఫర్ ద్రావణం పోశావు?”

“బల్లమీదుందిగా, అందరూ వాడేది.”

“నాది చల్లగదిలో ఉంది. మెగ్నీషియం కలిపి, పేరు రాసి పెట్టాను.”

“చిటికెడు ఉప్పుకి ఇంత రాద్ధాంతమా?”

ఆమెకి ఒళ్ళు మండింది. ఆ రెండు లూపులకూ ఒకే రకం విద్యుదావేశం. వాటి మానాన వదిలేస్తే ఒకదాన్నొకటి తోసుకుంటాయి. మధ్యలో మెగ్నీషియం చేరితేనే దగ్గరగా నిలుస్తాయి. బల్లమీది సీసాలో ఉన్న మందు ఆ మెగ్నీషియాన్నే ఏరి లాక్కుపోతుంది. ఇది అతనికి తెలియదా? ఏటా విద్యార్థులకు ఈ పాఠం చెప్పేది అతనే. తెలియక కాదు, చూడలేదు. పదేళ్ళుగా ఈ ఇంట్లో తింటూ పంచదార డబ్బా ఎక్కడుందో చూడనట్టే చూడలేదు. వ్యాసాల్లో బొమ్మ వేసేటప్పుడు రెండు లూపులకూ ముచ్చటగా రంగులేస్తారు, మెగ్నీషియాన్ని గీసే ఓపిక ఎవరికీ ఉండదు. ఇన్నాళ్ళూ ఆమె కూడా గీయలేదు.

“నీ మొగుడితో చెప్పు, వంటింట్లో ఆఫీసు గొడవలొద్దని,” అంది ఖద్దూజ.

“ఇది గొడవ కాదని మా అమ్మతో చెప్పు,” అన్నాడు మొంధిర్.

సొందెస్ ఎవరికీ ఏమీ చెప్పలేదు. గరిటె తీసుకెళ్ళి మొగుడి చేతిలో పెట్టింది. “తిప్పుతూ ఉండు.”

“ఇఫ్తార్ వేళకి ఇల్లొదిలి ఎక్కడికే?” అత్తగారు ఈసారి కుర్చీలోంచి లేచింది.

“నా పని పాడైపోయింది అత్తయ్యా. బాగు చేసుకునొస్తాను.”

ల్యాబ్‌లో నరపురుగు లేదు. చల్లగదిలో కోటు బిగించుకుని, తన సీసా తీసి, తన జెల్ తనే పోసుకుంది. మసీదునుంచి ఉపవాసం విడిచే బాంగు వినబడ్డాక వరండాలో నిలబడి ఖర్జూరాలు తిని నీళ్ళు తాగింది. జెల్ పూర్తయ్యాక దీపం కింద పెట్టి చూసింది. పైన ఒకే ఒక్క గీత, లావుగా, నిండుగా. అడుగున ఏమీ లేదు. ఆమెకి ఏడుపొచ్చింది. అందులో సంతోషం సగం కూడా లేదు.

ప్రొఫెసర్ గారికి ఫొటో పంపింది. ‘ఉదయంది తప్పు బఫర్‌లో చేసిన జెల్. నా భాగం తీయడానికి నేను ఒప్పుకోను.’

అంతలో ఫోన్ మోగింది. మొంధిర్.

“షర్మూలా అదోలా వాసనొస్తోంది. పొయ్యి ఆపాలో వద్దో తెలీడంలేదు. అమ్మేదో గొణుగుతోంది. ఫోన్ ఆవిడకిస్తా, కనుక్కుని నాకు చెప్పు.”

వెనకనుంచి ఖద్దూజ గొంతు. “నీ మొగుడికి చెప్పు, గరిటె అడుగుదాకా...”

“మీ అమ్మ నీ పక్కనే ఉంది మొంధిర్,” అంది సొందెస్. “నువ్వే అడుగు.”

అవతల గరిటె ఆగిపోయింది. ఉల్లి మాడుతున్న చప్పుడు ఫోన్లోకి సన్నగా వినిపిస్తోంది. సొందెస్ ఈసారి ఎవరి మాటా మొయ్యకుండా ఫోన్ పెట్టేసింది.