కృపమణి వేసిన కవరు

"ఒకటో తారీకు నుంచి హనుమక్కని రావొద్దని చెప్పేసినా మణీ," అంది యూనీసమ్మ, పొయ్యి దగ్గర పప్పుకి తాలింపు పెడుతున్న కోడలి వీపు చూస్తూ. "నువ్వెట్లాగూ ఇంట్లోనే ఉంటావు. రెండు గిన్నెలు కడిగేదానికి ఇంకో మనిషి దేనికి, దండగ?"

కృపమణి గరిటె ఆపలేదు. ఆపితే ఆవాలు మాడతాయి, ఆవాలు మాడితే మళ్లీ తాలింపు, మళ్లీ తాలింపు అంటే ఎనిమిదింపావు బస్సు పోయినట్టే. నాలుగున్నరకి లేచిన మనిషి. కొళాయి దగ్గర నీళ్లు పట్టింది, ఇడ్లీ వేసింది, భర్త జాబెజ్‌కీ కూతురు గ్లోరియాకీ తనకీ మూడు క్యారియర్లు సర్దింది, అత్తకి బీపీ మాత్ర చేతిలో పెట్టింది. ఇవేవీ ఎవరి కంటికీ ఆనవు కాబట్టి ఈ ఇంట్లో పనంటే ఎప్పుడూ రెండు గిన్నెలే.

"నేను ఇంట్లో ఉంటానని ఎవరు చెప్పినారు అత్తా?" అంది, తాలింపు పప్పులో పోస్తూ. ఆ చుయ్యిమన్న చప్పుడులో ఈ మాట కలిసిపోయింది. యూనీసమ్మ అప్పటికే పెరట్లోకి వెళ్లిపోయింది.

చెప్పింది తనే, ఆ మాట నిజమే. కానీ చెప్పింది రెండు మాటలు. ఆఫీసులో రాజీనామా కాగితం ఇచ్చిన రోజు సాయంత్రం, భోజనాలయ్యాక, అందరూ ఉండగా చెప్పింది: "ఈ నెలాఖరుకి ఆఫీసు మానేస్తాండా. మా నాయన పని చేసుకుంటా, కుట్టుమిషన్లు బాగుచేసేది." పెద్ద గొడవ అవుతుందని పగలంతా జవాబులు తయారు చేసుకుంది. గొడవే కాలేదు. జాబెజ్ మొహం వెలిగిపోయింది.

"సంతోషం కదా!" అన్నాడు. జాబెజ్ మిషన్ స్కూల్లో లెక్కల మాస్టరు. కిందటేడు చిన్నాన్న కొడుకుతో కలిసి ఇనుప ఖనిజం తోలే లారీ ఒకటి కొన్నాడు. "దేవుడు లారీ ఇచ్చినాడు. ఇంక మన ఇంట్లో ఆడమనిషి బస్సుల్లో పడి తిరగాల్సిన గతి లేదు. హాయిగా ఉండు."

రెండో మాట ఎవరికీ వినబడలేదు. ఆ రోజుల్లో బళ్లారిలో అంతే. చైనాలో ఏవో పెద్ద ఆటల పోటీలంట, స్టేడియాలు కడతాండారంట, దానికి మన ఎర్రమట్టి కావాలంట అని టీ అంగళ్లలో చెప్పుకునేవాళ్లు. లారీ వచ్చిన ఇళ్లలో చాలాచోట్ల ఒక ఆడమనిషి పనికి పోవడం మానేసింది. ఆసుపత్రిలో నర్సు మానేసింది, బళ్లో టీచరు మానేసింది. దాన్ని అందరూ అదృష్టం అన్నారు. ఆ ఆడవాళ్లని ఎవరూ అడిగినట్టు లేదు.

కృపమణికి ఉద్యోగం మీద మోజేమీ లేదు. హొసపేట రోడ్డులో ఖనిజం రవాణా చేసే ఆఫీసులో పదకొండేళ్లుగా తొమ్మిది నుంచి ఐదు దాకా ట్రిప్ షీట్లు రాసింది. లారీ నంబరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని టన్నులు. యశ్వంతనగర్ వైపు నుంచి వచ్చే లారీలకి తెరిపి లేదు కాబట్టి ఆమె పెన్నుకీ తెరిపి లేదు. "మీ అక్షరాలు ముత్యాలు మేడం. మీరు రాసిన షీటు చెక్‌పోస్టులో ఎవరూ రెండోసారి చూడరు," అనేవాడు మేనేజరు వెంకటరత్నం. ఆ పొగడ్తలో ఏముందో ఆమెకి తెలుసు. లారీలో ఉన్న టన్నులు వేరు, ఆమె ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిన టన్నులు వేరు. పెద్దవాళ్లెవరైనా వస్తే అదే వెంకటరత్నం గది లోంచి తొంగిచూసి, "టీలు మీరు తెండి మేడం, ఆడవాళ్ల చేత్తో ఇస్తే మర్యాదగా ఉంటాది," అనేవాడు. ఓనరు మేనల్లుడు విక్రమ్‌కి పని నేర్పింది తనే, ట్రిప్ షీటు ఏ వైపు పట్టుకోవాలో కూడా తనే చూపించింది. ఇప్పుడు ఆమె సెలవు చీటీ మీద సంతకం అతనిది. ఇంటికి వచ్చాక చెవుల వెనక తుడుచుకుంటే ఖనిజం దుమ్ముతో రుమాలు ఎర్రగా అయ్యేది. అది కూడా ఆమే ఉతుక్కునేది.

అసలు సంగతి మొదలైంది నాగక్కతో. నాగక్క పొద్దున పూట ఆఫీసు ఊడ్చి, మధ్యాహ్నం నుంచి కౌల్‌బజార్‌లో తన ఇంట్లోనే జీన్స్ ప్యాంట్లకి జేబులు కుడుతుంది. ఒకరోజు చీపురు పట్టుకునే ఏడ్చింది.

"మిషను నిలబడిపోయింది మేడమ్మా. మెకానిక్కు మూడు దినాలుగా తిప్పుకుంటాండాడు. మా ఆయప్ప లేనప్పుడు వస్తే మా అత్త గొణుగుతాది. ఆయప్ప ఉన్నప్పుడు రమ్మంటే వాడు రాడు. కట్టలు కట్టలు జేబులు అట్లే పడుండాయి."

"నేను చూస్తా పద," అంది కృపమణి. అన్నాక తనకే ఆశ్చర్యమేసింది.

ఆమె తండ్రి సాలొమోను మిషన్ హాస్టల్ కుట్టుబడిలో మెకానిక్కు. చూపు తగ్గాక పన్నెండేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్లేవాడు. సూదిలో దారం ఎక్కించడం ఆమె పని, వినడం ఆయన పని. "కంటితో కాదు పాపా, చెవితో చూడు. యాడ నొప్పో అదే చెప్తాది," అనేవాడు, చెంప మిషనుకి ఆనించి. పెళ్లికి ఆయనిచ్చిన సామాన్లలో తన పనిముట్ల చెక్కపెట్టె కూడా ఉంది. అత్తగారింట్లో అది క్రిస్మస్ నక్షత్రం పెట్టుకునే పెట్టె అయింది.

ఆ రోజు భోజనం గంటలో వెళ్లి కృపమణే నాగక్క మిషను విప్పింది. కింది దారాన్ని తిప్పే షటిల్ దగ్గర దారం ఉండకట్టి, పీచు నూనెలో ముద్దయి, సూదికీ షటిల్‌కీ పొత్తు కుదరడం లేదు. పక్కింట్లో స్క్రూడ్రైవరు అడిగి తెచ్చి, శుభ్రం చేసి, రెండు స్క్రూలు వదులు చేసి మళ్లీ బిగించి, తొక్కి చూసింది. వినింది. ఇంకొంచెం జరిపింది. అప్పుడు పలికింది మిషను, టకటకమని, ఎక్కడా తడబడకుండా. కృపమణి ఒళ్లు ఝల్లుమంది. పదకొండేళ్లలో ఆఫీసులో తన చేతి కింద ఒక్కటంటే ఒక్కటి బాగుపడలేదని ఆ నిమిషంలో తెలిసింది. వీధిలో ఇంకో ఇద్దరు గుమ్మంలో నిలబడి, "మాదీ చూడక్కా," అన్నారు. ఏడాది తిరిగేసరికి, ఆఫీసు ఒంటిపూట ఉండే శనివారం మధ్యాహ్నాలన్నీ ఆమెకి కౌల్‌బజార్‌లోనే గడిచేవి. కురుగోడు నుంచి కూడా కబురొచ్చింది. మగమనిషి కోసం కాచుక్కూర్చోకుండా, ఇంట్లో వాళ్ల చూపులకి భయపడకుండా పిలుచుకునే మెకానిక్కు ఇంతమందికి కావాలని ఆమెకి అంతకుముందు తెలీదు. నాగక్క తన ఇంటి ముందుగది ఇస్తానంది. అప్పుడే రాజీనామా రాసింది.

ఇక ఆ నెలంతా ఇంట్లో వాళ్లు ఆమె రోజుని పంచుకున్నారు, పెళ్లింట్లో లడ్డూలు పంచుకున్నట్టు. అత్త హనుమక్కని మాన్పించింది. జాబెజ్ తన లారీ డ్రైవరుకీ క్లీనరుకీ మధ్యాహ్నం భోజనం మన ఇంట్లోనే అని మాటిచ్చి వచ్చాడు. "ఇద్దరే కదా, బియ్యం ఒక గుప్పెడు ఎక్కువ వేస్తే ఆయ్తు, సరిపోతాది," అన్నాడు. గ్లోరియా, తొమ్మిదో తరగతి పిల్ల, అమ్మ మెడ చుట్టూ చేతులేసి, "నా యూనిఫాం రోజూ నువ్వే ఇస్త్రీ చేస్తావు కదమ్మా?" అంది. ప్రేమగానే అంది. అదే కృపమణికి ఎక్కువ బాధయింది.

ఒకరోజు జాబెజ్ తీరిగ్గా ఉన్నప్పుడు ఎదురుగా కూర్చుని మళ్లీ చెప్పింది. "వినప్పా. నేను ఇంట్లో ఉండేదానికి మానడం లేదు. తొమ్మిదికి పోతా, ఐదుకి వస్తా. నాగక్క ఇంట్లో గది చూసుకున్నా."

జాబెజ్ నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, పిల్లలు తప్పు లెక్క చేస్తే నవ్వే నవ్వు. "చేసుకో, ఎవరొద్దన్నారు? ఇంట్లో పనయినాక, సుమ్నె, ఊరికే టైంపాస్‌కి. దానికి గది దేనికి, టైము దేనికి? అదేమన్నా ఆఫీసా?"

"మాస్టరు పెండ్లాము నూనె చేతులతో కౌల్‌బజార్‌లో తిరుగుతాంటే బాగుంటాదా?" అంది లోపలినుంచి యూనీసమ్మ. "అది మగోళ్లు చేసే పని."

పన్నెండేళ్లప్పుడు నేను మగపిల్లాడినా ఏంటి అనుకుంది కృపమణి. ఆ సాయంత్రమే, మంచం కింద ఉండాల్సిన తండ్రి పనిముట్ల పెట్టె కనపడలేదు. ఇకమీదట డ్రైవర్ల భోజనాలకి బియ్యం మూటలు పెట్టాలని అత్త దాన్ని మిద్దె మీదకి చేర్పించింది. ముందురోజు రాత్రి పడిన వానకి మూత ఉబ్బిపోయింది. కృపమణి పెట్టె కిందకి దింపి, ఒక్కొక్క స్క్రూడ్రైవరూ కొంగుతో తుడిచి, నూనె రాసి, వంటింట్లో పప్పుల డబ్బాల పక్కన పెట్టింది. ఏడవలేదు. కోపం మాత్రం వచ్చింది, అదీ బాగా.

ఆ ఆదివారం గుడిలో ఇంకో సంగతి జరిగింది. వాళ్ల సంఘంలో కానుక డబ్బు పెట్టి కృతజ్ఞతార్పణ కవర్లు వేస్తారు. కవరు మీద ఎందుకు స్తుతిస్తున్నారో రాస్తే, పాస్టరు అయ్యగారు ఆరాధన చివర్లో ఒక్కొక్కటీ గట్టిగా చదువుతారు, సంఘమంతా "ఆమెన్" అంటుంది. అంతకుముందు పరీక్ష పాసయినందుకు, జ్వరం తగ్గినందుకు ఉండేవి, ఈమధ్య అన్నీ లారీలే. అయ్యగారు ఒక కవరు తీసి చదివారు: "సహోదరుడు జాబెజ్. తన భార్య కృపమణి ఉద్యోగభారం నుంచి విడుదల పొంది, ఇకమీదట ఇంటి బాధ్యతల్లో సంతోషంగా కొనసాగుతున్నందుకు కృతజ్ఞత." ఆడవాళ్ల వైపు తలలన్నీ తిరిగి ఆమెని చూసి నవ్వాయి. తన బతుకు ఎట్లా ఉండబోతోందో అయ్యగారి నోటి మీదుగా విని కృపమణి పాటల పుస్తకం వైపు చూస్తూ కూర్చుంది.

బయటికొచ్చాక, "నేనింకా ఒప్పుకోలేదు కదా, అప్పుడే ఎట్ల వేసినారు కవరు?" అని అడిగింది.

జాబెజ్ బదులు యూనీసమ్మ చెప్పింది. ఇది ఆమెకి ఇష్టమైన పాఠం. "విశ్వాసమంటే అదే మణీ. జరిగినాక ఎవరైనా స్తుతిస్తారు. జరగకముందే జరిగిందని నమ్మి స్తుతించల్ల. లారీ ఇంకా షోరూంలో ఉండగానే నేను కవరు వేయలేదా? గ్లోరియా ఏడో తరగతి రిజల్టు రాకముందే వేయలేదా? అందరి ముందర స్తుతి చెప్పినాక ఇంక అది జరగాల్సిందే."

"అవునా అత్తా," అంది కృపమణి.

శనివారం ఆఫీసులో ఆఖరి రోజు. వెంకటరత్నం శాలువా కప్పి, "మా మేడం లాంటి చేతిరాత మళ్లీ దొరకదు," అన్నాడు. ఆ తర్వాత టీలు ఆమే అందించింది, అలవాటు కొద్దీ. సాయంత్రం ఇంటికొచ్చి వంటింట్లో పెట్టె పక్కనే కూర్చుని, ఒక కవరు తీసుకుని రాసింది. పదకొండేళ్లు తప్పుడు టన్నులు రాసిన చెయ్యి ఒక్క క్షణం వెనకాడింది. ఇది కూడా అబద్ధమేనా? ఆ షీట్లలో జరిగినదాన్ని మార్చి రాసింది, ఇందులో జరగాల్సినదాన్ని ముందుగా రాస్తోంది. ఈ తేడా నేర్పింది అత్తే కదా అనుకుని అక్షరాలు ఇంకొంచెం గుండ్రంగా రాసింది.

ఆదివారం ఆరాధన చివర్లో అయ్యగారు కవర్లు చేతిలోకి తీసుకున్నారు. మూడు లారీలయ్యాయి, ఒక బోరు బావి అయింది. తర్వాతి కవరు మీద రాత అంత స్పష్టంగా ఉంది కాబట్టి ఆయన ఆగి చూసుకోకుండా ఒకే ఊపులో చదువుకుంటూ పోయారు.

"సహోదరి కృపమణి. రేపు సోమవారం నుంచి ప్రతిరోజూ పొద్దున తొమ్మిది మొదలు సాయంత్రం ఐదు వరకు, కౌల్‌బజార్‌లో నాగక్క గారి ఇంటి ముందుగదిలో, కుట్టుమిషన్లు బాగుచేసే తన తండ్రి పనిని దేవుడు తనకిచ్చినందుకు. ఇందుకోసం సాయంత్రం వంటా గిన్నెలూ సంతోషంగా తీసుకున్న భర్త జాబెజ్ గారి కోసం, తన బట్టలు తనే ఉతికి ఇస్త్రీ చేసుకుంటున్న కూతురు గ్లోరియా కోసం, తిరిగి పనిలోకి వస్తున్న హనుమక్క కోసం. మరి ముఖ్యంగా, లారీ వాళ్ల భోజనాలు హోటల్లో పెట్టించి, పొద్దుటి వంట తన చేతుల మీదికి తీసుకున్న, జరగకముందే స్తుతించడం తనకి నేర్పిన అత్తగారు యూనీసమ్మ గారి కోసం, కృతజ్ఞత."

మగవాళ్ల వైపు జాబెజ్ సగం లేచి మళ్లీ కూర్చున్నాడు. గ్లోరియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, నవ్వుకో భయానికో తెలీలేదు. వెనక వరుసలో జీన్స్ కుట్టే ఆడవాళ్లు ఇద్దరు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు.

యూనీసమ్మకి గుడిలో తన పేరు వినబడితే వెన్ను దానంతటదే నిటారు అవుతుంది. ఇరవై ఏళ్లుగా ఆ సంఘంలో మొదటి ఆమెన్ ఆమెదే. ఆ రోజు కూడా అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా, "ఆమెన్!" అంది. వెనకాలే సంఘమంతా అంది.

అయ్యగారు చదివిందేమిటో ఆ తర్వాత ఆమెకి ఒక్కొక్కటిగా అర్థమవడం మొదలైంది. కోడలి వైపు తిరిగింది. కృపమణి ముగింపు పాట తీసి, పుస్తకం అత్తకి కూడా కనబడేలా పట్టుకుంది. ఒకసారి పలికిన ఆమెన్‌ని వెనక్కి తీసుకునే పద్ధతి ఏ సంఘంలోనూ లేదు.