వడ్డన కిటికీకి ఇవతల

వెన్న మెత్తగా ఉంటే బ్రెడ్డు చిరగదు, గట్టిగా ఉంటే చిరుగుతుంది. పెళ్ళయిన కొత్తలో అత్తగారు ఈనిడ్ నేర్పిన మొదటి పాఠం ఇది. మనుషుల దగ్గరికొచ్చేసరికి ఈ లెక్క తిరగబడుతుందని, మెత్తగా ఉన్నవాళ్ళే చిరుగుతారని ఆవిడ చెప్పలేదు. అది లోర్నా సొంతంగా నేర్చుకుంది, శనివారానికి కాస్త చొప్పున.

జూలై ఎండకి క్రికెట్ క్లబ్బు పెవిలియన్ రేకులు పెటపెటమంటున్నాయి. వెనక పొలంలో గడ్డి కోసి ఆరబెట్టారు. ఆ వాసన వంటగది తలుపులోంచి వచ్చి గుడ్ల వాసనతో కలిసి, పుట్టింటికి వచ్చినట్టు అక్కడే కూచుంది. వంటగదికీ, మగవాళ్ళు కూచునే హాలుకీ మధ్య గోడకి ఒక వడ్డన కిటికీ ఉంది. స్టోక్ మార్లీ క్లబ్బులో లోర్నా అంటే అందరికీ తెలిసింది ఆ కిటికీలో పట్టినంత లోర్నా. నడుము పైన, తల కింద. రెండు చేతులూ, ఒక ట్రే.

ఆట సగంలో ఆగినప్పుడు రెండు జట్లకీ టీ, అంటే శాండ్‌విచ్‌లూ కేకులూ అన్నీ, పెట్టడం ఆతిథ్య జట్టు మర్యాద. ఆతిథ్యం జట్టుది, తిథి శనివారం, తిప్పలు లోర్నావి. ఆడేవాళ్ళంతా మగవాళ్ళు. ఆడవాళ్ళు మాత్రం ఆడరు, వండుతారు. ఒకప్పుడు వంతులుండేవి. ఒకరి భర్త రిటైరయ్యాడు, ఒకావిడ మొగుణ్ణే రిటైర్ చేసింది, ఇంకొకావిడ మోకాళ్ళు అరిగాయి. చివరికి వంతులు పోయి వంటలు మిగిలాయి. వంట మిగిలిన చోట లోర్నా మిగిలింది. సోమవారం నుంచి శుక్రవారం దాకా పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూచుని ఊరి పళ్ళ నొప్పులు వినడం, శనివారం అవే పళ్ళకి మేత వెయ్యడం.

"ఆరో వికెట్టు!" బయట ఎవరో అరిచారు. లోర్నా తల ఎత్తకుండానే నీళ్ళ కాగు మీట నొక్కింది. ఆరో వికెట్టు పడగానే కాగు పెట్టాలి. ముందు పెడితే టీ చేదెక్కుతుంది, ఆలస్యమైతే కెప్టెన్ మొహం చేదెక్కుతుంది. ఇది కూడా ఈనిడ్ చెప్పిందే. "క్లైవ్ పుట్టిన రోజున కూడా దోసకాయ ముక్కలు కోసే ఆసుపత్రికి వెళ్ళానమ్మాయ్," అనేది ఆవిడ. కొడుకు ముందు పుట్టాడా, ముక్కలు ముందు పుట్టాయా అని లోర్నా అడగలేదు. అడిగితే కోడలి నోరు అంటారు. అడగకపోతే కోడలి మౌనం అని ఎవరూ అనరు.

అయినా ఈ రోజు చెయ్యి తేలిగ్గా ఆడుతోంది. ఇదే ఆఖరి టీ కావచ్చు మరి.

ఈ ఏడు లీగు వాళ్ళు చెప్పారు. టీ పెట్టడం ఇకమీద తప్పనిసరి కాదు, ఎవరి తిండి వాళ్ళు తెచ్చుకోవచ్చు, ఏ క్లబ్బుకి ఆ క్లబ్బు తేల్చుకోండి అని. ఈ రోజు టీ వేళ అందరూ ఒకచోట ఉంటారు కాబట్టి అప్పుడే ఓటు పెట్టేద్దామన్నారు. క్లబ్బు అధ్యక్షుడు క్లైవ్. పోయిన వారం రాత్రి భోజనం దగ్గర లోర్నా ఫోర్కు కింద పెట్టి, "నాకు శనివారాలు కావాలి, క్లైవ్," అంది.

"కావాలంటే? ఏం చేస్తావ్?"

"ఏమీ చెయ్యను. ఏమీ చెయ్యకుండా ఉండడానికే కావాలి."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆమె నవ్వకపోవడం అతనికి అలవాటు లేక కాస్త కంగారు పడి, "సరేలేవోయ్, నేనే చెప్తాను. నేను మానేద్దామంటే కాదనేవాడెవడు?" అన్నాడు. ఆ రాత్రి ఆమె చాలా కాలానికి ఒళ్ళు తెలీకుండా నిద్రపోయింది. తెల్లారి లేచి, ఇంత చిన్న మాటకి ఇంత సంతోషమా అని సిగ్గుపడింది.

శనివారాలతో చేసుకునేదేముందని అతను అడిగింది న్యాయమే. చేసుకునే పని ఒకటుండేది, కిందటి ఆగస్టు దాకా. చెల్లెలు ఆవ్రిల్ సముద్రం పక్క ఊళ్ళో మంచం పట్టి ఫోను చేసింది. "శనివారం రావే అక్కా. కిటికీలోంచి సముద్రం ఒక్కటే కనబడుతోంది. విసుగొస్తోంది. నువ్వు కూడా కనబడు." ఆ శనివారం సెమీఫైనల్. "వచ్చేవారం వెళ్దువుగానిలే, మీ చెల్లెలు ఎక్కడికి పోతుంది?" అన్నాడు క్లైవ్. ఆమె శాండ్‌విచ్‌ల అంచులు కోస్తూ ఉండిపోయింది. ఎవరూ కట్టెయ్యలేదు. తలుపుకి గడియ కూడా లేదు. అదే ఇప్పటికీ మింగుడుపడదు. ఆవ్రిల్ వచ్చేవారం దాకా ఆగలేదు. బుధవారం నాడు పూడ్చిపెట్టారు. తర్వాతి శనివారం కెప్టెన్ రస్సెల్ వడ్డన కిటికీ మీదికి వంగి, గొంతు తగ్గించి, నిజంగానే జాలిపడుతూ అన్నాడు. "పాపం, చాలా బాధాకరం లోర్నా. బుధవారం అయింది, అదొక్కటే నయం. శనివారం పడుంటే ఏమైపోయేవాళ్ళమో!" ఆమె అతనికి కేకు కోసి ఇచ్చింది. పెద్ద ముక్కే కోసింది. ఆ ముక్క పెద్దదిగా కోసిన చేతిని ఆమె ఇంకా క్షమించలేదు.

బయటి ఊరి జట్టు ప్లేట్లు పట్టుకుని గడ్డి మీదికి పోయింది. హాల్లో సొంతవాళ్ళు మిగిలారు. రస్సెల్ చెంచాతో కప్పు మోగించాడు.

"ప్రశ్న ఒక్కటే పెద్దలారా. టీ ఉండాలా, పోవాలా?"

"టీ పోతే నేనూ పోతా. బ్యాటింగు కోసం వస్తున్నాననుకున్నారా?" ఎవరో అన్నారు.

"నీ బ్యాటింగు చూశాక ఆ అనుమానం ఎవరికీ లేదులే!"

"పక్క ఊరివాళ్ళు మానేశారట. కార్లలో కూచుని డబ్బాల్లో చల్లారిన పాస్తా తింటున్నారు, పెళ్ళాలు వదిలేసినవాళ్ళలాగా."

నవ్వులు. లోర్నా తుడుస్తున్న కప్పుని తుడుస్తూనే ఉంది. క్లైవ్ లేచాడు. కిటికీ వైపు చూశాడు. చూపు కలిసింది. ఆమె తువ్వాలు ఆపింది.

"నిజం చెప్పాలంటే, మా లోర్నా ఈ మధ్య కొంచెం అలిసిపోతోంది," అన్నాడు.

ఆమె గుండెలో ఏదో కాగు మీట పడ్డట్టయింది.

"శనివారాలు కావాలంది. సరే, ఏం చేస్తావోయ్ అని అడిగాను. ఏమన్నదో తెలుసా? ఏమీ చెయ్యదట!" హాలంతా గొల్లుమంది. నవ్వు రుచి తగిలాక క్లైవ్ ఆగే మనిషి కాదు. "అంటే నాచేత చేయిస్తుందన్నమాట. కంచె కత్తిరించు, గోడకి రంగు వెయ్యి! కాబట్టి నా ప్రాణం కాపాడండి. అయినా ఒక మాట. లోర్నా లేకపోతే ఈ క్లబ్బు లేదు. క్లబ్బు లేకపోతే పాపం లోర్నాకి మాత్రం ఏముంది?"

చప్పట్లు. కొందరు ఇటు తిరిగి, కప్పులు పైకెత్తి ఆమె ఆరోగ్యం కోరారు. ఆమె అతనికి ఒక్కడికే చెప్పుకున్న వాక్యం ఇప్పుడు బల్లల మీద ముక్కలై, బిస్కట్లతో పాటు చేతులు మారుతోంది.

"ఉండాలన్నవాళ్ళు చేతులెత్తండి." చేతులు లేచాయి. సగం చేతుల్లో శాండ్‌విచ్‌లు లేచాయి. "వద్దన్నవాళ్ళు?"

ఆడేవాళ్ళకీ, చందా కట్టేవాళ్ళకీ తప్ప క్లబ్బులో సభ్యత్వం లేదు. లోర్నాకి సభ్యత్వం లేదు, సభ్యత మాత్రం ఉంది. ఇన్నేళ్ళూ అదే ఆమె నోరు మూయించింది. ఇప్పుడు అది పక్కన పెట్టి, కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి పైకెత్తింది. తడి చెయ్యి. మణికట్టు దాకా సబ్బు నురగ.

కిటికీ దగ్గరే హంఫ్రీ గారు నిలబడి ఉన్నారు. ఊరి పశువుల డాక్టరుగా చేసి మానేసిన పెద్దాయన, ఒకరి మనసు నొప్పించి ఎరగరు. ఎత్తి ఉన్న ఆ చేతిని చూసి ఆయన మొహం విప్పారింది. తన ఖాళీ కప్పుని సాసరుతో సహా జాగ్రత్తగా అందులో పెట్టారు.

"భలే దానివమ్మా. అడక్కముందే చెయ్యి చాపావు."

"వద్దన్నవాళ్ళు ఒక్కరూ లేరు," అన్నాడు రస్సెల్. "ఏకగ్రీవం!"

చేతులెత్తేసినవాళ్ళు ఓడినట్టు లెక్క అనేది లోకం మాట. ఇక్కడ ఎత్తినవాళ్ళంతా గెలిచారు, ఒక్క చెయ్యి తప్ప. ఓటే లేనిదానికి ఓటమి ఎక్కడిదంటారా? ఓటమికి ఓటు అక్కర్లేదు. అది చందా కట్టకపోయినా వస్తుంది.

కాసేపటికి క్లైవ్ కాళ్ళకి ప్యాడ్లు కట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు. అరవై దాటినా ఇప్పటికీ మొదటి బ్యాటు అతనిదే. "ఏమీ అనుకోకోయ్. లేచేసరికి అందరూ అలా చూస్తున్నారు. ఎలా చెప్పను? సరదాగా తేల్చేశాను." ఆమె కిటికీ బల్ల తుడిచింది. "కేకు ఇంకో ముక్క ఉందా?" అన్నాడు. ఉంది. ఇచ్చింది.

ఆట మళ్ళీ మొదలైంది. ఆమె కప్పులన్నీ నీళ్ళలో వేసింది. వేసి, చూసింది. తర్వాత ఏం చెయ్యాలో తెలుసు. చెయ్యి కదల్లేదు. అప్రాన్ కూడా విప్పకుండా వెనక తలుపులోంచి బయటికి నడిచింది. ఆమెకి కోపం రాలేదు. కోపం వస్తే బాగుండునని చూసింది, లోపల వెతికింది. ఖాళీ కాగు అడుగున సున్నం పేరుకున్నట్టు ఒక తెల్లటి పొర తప్ప అక్కడేమీ లేదు.

మైదానం ఆ చివర, బౌలరు వెనక, చక్రాల మీద పెద్ద తెల్ల చెక్క తెర ఉంటుంది. ఎర్ర బంతి ఆ తెలుపు మీద బ్యాట్స్‌మన్ కంటికి ఆనడానికి. దాని ముందు నుంచి ఎవరూ నడవకూడదు. పిల్లల బండి తోసుకొచ్చే తల్లులు, కుక్కల్ని తిప్పేవాళ్ళు, ఈ ఊళ్ళో పుట్టిన ప్రతివాళ్ళూ చుట్టూ తిరిగి పోతారు. లోర్నా ఇన్నేళ్ళూ ట్రేలతో చుట్టూ తిరిగింది. ఈ రోజు తిన్నగా వెళ్ళి, తెర నట్టనడుమ, మైదానం వైపు తిరిగి నిలబడింది.

పరుగెత్తుతున్న బౌలరుని క్లైవ్ చెయ్యెత్తి ఆపేశాడు. కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఇటు చూశాడు.

"తెర ముందు ఎవరో ఉన్నారు! ఎవరో ఆడమనిషి!"

అంపైరు టోపీ సర్దుకున్నాడు. "ఎవరో ఏమిటండీ? మీ ఆవిడే."

"లోర్నా! ఏయ్! పక్కకి జరుగు!"

ఆమె జరగలేదు. చుట్టూ అరుపులు మొదలై, కాసేపటికి అవే ఆగిపోయాయి. అంతమంది మగవాళ్ళు ఒకేసారి ఆమె వైపు చూడడం అదే మొదలు. ఎవరో ఒకరు మైదానం దాటి వచ్చి, ఏమైందమ్మా అని అడుగుతారు. అడిగితే ఆవ్రిల్ పేరు చెప్దామనుకుంది. అంత దూరం నుంచి నలుగురు కుర్రవాళ్ళు రావడం చూసి నిజంగానే పెదవులు తడుపుకుంది.

వాళ్ళు వచ్చారు. "క్షమించండి లోర్నా గారూ, ఒక్క నిమిషం," అని ఎంతో మర్యాదగా ఆమె వెనక్కి పోయి, తెరని తోశారు. చక్రాలు కిర్రుమన్నాయి. తెర పక్కకి జరిగింది. బౌలరు కూడా తెరకి సరిపోయేలా వికెట్టుకి అవతలి వైపు నుంచి పరుగు మొదలెట్టాడు. ఆమె వెనక ఇప్పుడు కంచె ఉంది, ముళ్ళపొద ఉంది, ఆకాశం ఉంది. ఆట సాగింది.

ఇంకాసేపు అలాగే నిలబడింది. తర్వాత గేటు తీసుకుని రోడ్డు మీదికి వచ్చింది. అటు వెళితే స్టేషను, ఇటు వెళితే ఇల్లు. ఎక్కడా ఎవరూ లేరు. ఆమె స్టేషను వైపు తిరిగింది. వెనక ఒక్కసారిగా చప్పట్లు మోగాయి. క్లైవ్ మంచి దెబ్బ కొట్టి ఉంటాడు. ఎన్ని పరుగులో వినడానికి ఆమె ఆగలేదు.