వల ఎత్తి కోసిన పూలు

అందని పూలు దేవుడికి అర్పణ అంటారు. మా ఆయన గోపాలరావు గారు అందిన పూలన్నీ అర్పణ చేసే రకం. కాకినాడలో ఉన్నప్పుడు తెల్లవారకముందే చేతిసంచీతో బయలుదేరి, ఎవరి గోడ మీద నుంచి ఏ కొమ్మ వాలితే ఆ కొమ్మ దులుపుకొచ్చేవారు. తప్పు కాదా అంటే, "పూజకి కోస్తే దొంగతనం కాదే శ్యామసుందరీ, సగం పుణ్యం చెట్టు వాళ్ళకే పోతుంది" అనేవారు. ఆ పుణ్యం పంపకం సంగతి ఆయనకు ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు.

కాన్‌బెర్రాలో కొడుకు దగ్గరకు వచ్చి ఆరేళ్ళయినా ఆ అలవాటు పోలేదు. పైగా మేముండే గంగాలిన్ పేటలో చాలా ఇళ్ళకు ముందువైపు ప్రహరీ గోడలే ఉండవు. ఇక అడ్డేముంది? మనవరాలు లిఖిత ఒకసారి "తాతా, దటీజ్ స్టీలింగ్" అంటే, "నీకు తెలీదులే బంగారం" అని బుగ్గ గిల్లి వెళ్ళిపోయారు.

డిసెంబరులో అమ్మాయి పురిటికి బ్రిస్బేన్ వెళ్ళిన నేను ఫిబ్రవరి ఆఖరున తిరిగి వచ్చాను. ఇక్కడ అది వేసవి చివర. పచ్చిక ఎండిపోయి ఊరంతా గడ్డి రంగులో ఉంది. మా దేవుడి గది మాత్రం కళకళలాడుతోంది. నల్ల బొడ్డున్న పసుపు పూలు, వాటి పక్కన ఊదారంగు సాల్వియా కంకులు. ముదురు ఎరుపు డేలియాలు, వాటి చుట్టూ బుల్లి తెల్ల పూలు. ఇదివరకు ఆయన తెచ్చే పూలు ఒకదానితో ఒకటి పొసగేవి కావు. ఇవి పక్కపక్కన పెడితే ఒకదాని వల్ల ఇంకొకటి వెలిగేది. "ఎవరి తోటండీ?" అంటే "దారిలోదే" అన్నారు. నేనూ మళ్ళీ అడగలేదు. రెండు వారాలు వెంకటేశ్వరస్వామికి నా చేతులతోనే, సంబరపడుతూ అలంకరించాను.

మార్చి రెండో వారంలో పక్కవీధిలో ఉండే కనీజ్‌ని చూడడానికి వెళ్ళాను. తెనాలి అమ్మాయి. భర్త నజీముద్దీన్ డిసెంబరు మొదట్లో ఆఫీసు కుర్చీలోనే గుండె ఆగి పోయాడు. యాభై కూడా నిండలేదు. బ్రిస్బేన్ వెళ్ళే ముందు ఒక్కసారి పలకరించాను, అంతే. వాళ్ళ ఆచారం ప్రకారం భర్త పోయిన మనిషి నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలకూడదు, పరాయి మగవాళ్ళ ఎదుట పడకూడదు. ఇద్దత్ అంటారు.

కనీజ్ కిటికీ పక్క కుర్చీలో ఉంది. చిక్కిపోయింది. నాకు టీ ఇచ్చి, తను ఉపవాసం ఉన్నానంది. రంజాన్ నెల. నేనేమీ అడగకుండానే కిటికీ బయటకు చూపించింది.

"ఆయన వేసిన పూలమడి ఆంటీ. నవంబర్‌లో వీకెండ్స్ అన్నీ దీనికే పెట్టారు. ఫిబ్రవరికి అందరి గార్డెన్లూ డల్ అయిపోతాయి, మనది అప్పుడు స్టార్ట్ అవ్వాలి అనేవారు. ఈ కుర్చీలో కూర్చుంటే ఎట్టా కనిపించాలో ప్లాన్ కూడా గీశారు."

కాగితం ఇచ్చింది. నిండా రంగు పెన్సిళ్ళతో గీసిన గుండ్రాలు. పసుపు పక్కన ఊదా. ముదురు ఎరుపు చుట్టూ తెలుపు. 'సాయంత్రం ఎండ వాలుగా పడుతుంది, ముదురు రంగులు అటువైపు' అని అంచున రాసుకున్నాడు.

"ఒక్క పువ్వూ నిలబడట్లా ఆంటీ. సాయంత్రం మొగ్గ విచ్చుతా కనిపిస్తది, పొద్దున లేచేసరికి ఉండదు. ఆ తెల్ల చిలకలు, కాకటూలు తెంపుతున్నాయని మా అబ్బాయి వల కట్టాడు. అయినా ఆగట్లా. ఏప్రిల్‌లో చలికి ఫ్రాస్ట్ పడి మొక్కలు మాడిపోతే ఇక అంతే. ఆయన చూపిస్తానన్నది నేను చూడకుండానే అయిపోద్ది."

టీ కప్పు పక్కన పెట్టేశాను. ఆ పొద్దున స్వామి పాదాల దగ్గర పెట్టిన జత ఆ కాగితం మీద ఉంది. కాకటూ మా ఇంట్లోనే ఉంది, కళ్ళజోడు పెట్టుకుని ఫోనులో పేపరు చదువుకుంటోంది. అక్కడ చెప్పే ధైర్యం నాకు రాలేదు.

ఇంటికొచ్చి నిలదీశాను. "ఆ వల ఎవరి కోసం కట్టారనుకున్నారు?"

"పక్షుల కోసం. మనకి కాదుగా. ఎత్తి, కోసుకుని, మళ్ళీ సర్దే వస్తున్నాను."

"అది నజీముద్దీన్ ఇల్లని తెలీదా?"

"తెలుసు" అన్నారు మెల్లగా. "అతను పోయాక ఆ ఇంట్లో పూలతో ఎవరికి పనిలే అనుకున్నాను."

"ఆ పిల్లకి చూసుకోడానికి పని!" అని అరిచాను. కాగితం సంగతి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. నలభై రెండేళ్ళ కాపురంలో ఆయన నాకు ఎదురు చెప్పనిది ఆ రోజే. గెలిచినట్టు మాత్రం అనిపించలేదు.

మర్నాడు కనీజ్‌తో చెప్పేశాను. "కాకటూలు కాదమ్మా. కోసింది మా ఆయన. దేవుడికి పెట్టింది నేను."

తిట్టినా బాగుండేది. "ఆయనుంటే, ఒక్క మాట అడిగితే బుట్ట నిండా కోసిచ్చేవారు కదా ఆంటీ" అంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగితే పెట్టే మనిషిని, బతికుండగా మేం అడిగిందీ లేదు.

"అంకుల్ నీ ఎదుటికి రాకూడదు కదా. తెర వెనక నుంచి ఒక్కసారి చూడమ్మా" అన్నాను.

బయట ఫుట్‌పాత్ మీద, అరవై తొమ్మిదేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులతో, వినాయకుడి ముందు తీసినట్టు చెవులు పట్టుకుని గుంజీలు తీస్తున్నారు. మూడో గుంజీకి లేవలేక వల కర్ర పట్టుకున్నారు. కర్ర ఊడి వచ్చింది. కుక్కతో వెళ్తున్న ఒకావిడ ఆగి "ఆర్ యూ ఓకే?" అని అడిగింది. కనీజ్ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. "వద్దనండి ఆంటీ, పడతారు" అంటూ నవ్వి, తరవాత నిజంగానే ఏడ్చింది.

ఆ రోజు నుంచి ఆయన సంచీ మానేసి పొద్దున్నే వెళ్ళి నీళ్ళు పోసి, నిజం కాకటూలను చప్పట్లతో తోలి వచ్చేవారు. మా స్వామికి తులసిదళాలే. స్వామేమీ అలగలేదు. రోజూ కోయడం వల్లే ఆ మొక్కలు గింజ కట్టకుండా మొగ్గలేస్తున్నాయని మా అబ్బాయి అంటే, ఆ మాట వాళ్ళ నాన్న చెవిన పడనివ్వలేదు నేను.

రంజాన్ పండగ వెళ్ళిన వారానికి, ఒక సాయంత్రం కనీజ్ ఫోన్ చేసింది.

"ఆంటీ, మొత్తం పూసినయ్."

"కళ్ళారా చూసుకో తల్లీ."

"చూడలేకపోతున్నా ఆంటీ. ఎట్టా ఉందని అడిగే మనిషి లేడు. మీరు రండి."

చెప్పులు వేసుకుని పరుగులాంటి నడకతో వెళ్ళాను. కనీజ్ కిటికీకి వీపు పెట్టి కూర్చుని ఉంది. కుర్చీ అటు తిప్పి, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. వాలుటెండలో మడి అంతా వెలిగిపోతోంది. నజీముద్దీన్ అడగాల్సిన మాట నేను అడిగాను.

"ఎలా ఉందమ్మా?"

 కనీజ్ చెయ్యెత్తి, ఎడమ చివర పసుపూ ఊదా దగ్గర నుంచి ఒక్కొక్క జతా చూపిస్తూ చెప్పడం మొదలుపెట్టింది.