సాదా వరుస

“ఆ పెద్దావిడకు మన పిల్ల పని నచ్చకపోతే ఏం చేస్తాం?” అని మా ఆయన్ను అడిగాను. ఆవిడ రావడానికి అప్పటికింకా పన్నెండు రోజులున్నాయి.

ఆయన మిల్లుకు వెళ్ళడానికి బూట్లు వేసుకుంటున్నారు. “ఆవిడింకా బస్సే ఎక్కలేదు. నువ్వప్పుడే కాదనిపించేస్తున్నావు” అన్నారు.

నాకు నవ్వు రాలేదు. మా దీవిలో, రెడ్యూయిలో కొత్తగా పెట్టిన యూనివర్సిటీలో మా వసంతి చదువుతున్నదంటే అది గౌరీదేవిగారి చలవ. ఆవిడ భర్త సుయాక్ నుంచి పోర్ట్ లూయిస్‌కు సొంత బస్సులు నడిపేవాడు. ఆయన పోయాక, ఆయన పేరు మీద ఒక్కొక్కరిని ఎంచుకుని ఫీజులూ పుస్తకాలూ పరిశోధనకు కావలసిన సరంజామా అంతా ఆవిడే ఇస్తున్నది. మొదటి ఏడు అడగకుండానే ఇస్తుంది. మిగతా రెండేళ్ళకు మాత్రం స్వయంగా వచ్చి, చేసిన పని చూసి, అవునో కాదో చెబుతుంది. తనకు చదువు రాదు కాబట్టి కాగితాలు వద్దనీ, కంటికి కనబడేది చూపించమనీ అంటుందట. ఆవిడ కాదంటే వసంతి పెట్టె సర్దుకుని ఇంటికి రావడమే. మిల్లు జీతంతో సాగే చదువు కాదది.

వసంతి పని పసుపు మీద. మా సుయాక్ వైపు పసుపు నేలలోనే కుళ్ళిపోతుంది, ఆకు పండుబారాక గానీ తెలియదు. దానికి మందు కనిపెట్టాలని పిల్ల పట్టుదల. మా పెరటి వెనక కొత్తగా రాళ్ళు ఏరిన నేల చెక్కలో రెండు వరుసలు వేసింది. ఒక వరుస విత్తనాన్ని మందునీళ్ళలో నానబెట్టి నాటింది. రెండోదాన్ని ఏమీ చేయకుండా నాటి, దాన్ని సాదా వరుస అనేది. వరుసకు పది దుబ్బులు. వారమంతా యూనివర్సిటీకి దగ్గరగా కాత్ర్ బోర్న్‌లో మా చెల్లెలింట్లో ఉండి, శనివారం వచ్చి, ఒక్కొక్క దుబ్బునూ చూసి పుస్తకంలో రాసుకునేది.

తెగులు ఏ వరుసకూ రాలేదు. అదే వసంతి బెంగ. సాదా వరుసకు రోగం వచ్చి, మందు వేసిన వరుసకు రాకపోతేనే మందు పనిచేసినట్టు. రెండూ బాగుంటే చూపించడానికేమీ లేనట్టేనని అన్నం సగంలో వదిలేసేది.

ఇంతలో అమ్మోరు పండగ వచ్చింది. కొత్త నేలలో పండిన మొదటి పసుపు అమ్మోరికి వెళ్ళాలి, తరువాతే ఇంట్లో వాడాలి. మా అత్తగారి అత్తగారి నాటి నుంచీ ఇంతే. ఒక ఏడు మరిచిపోతే మా మరిదికి ఒళ్ళంతా పొక్కులు లేచాయట. మంగళవారం పొద్దున్నే కొడవలి పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. మందులో ముంచినది అమ్మోరి ముందు ఎలా పెడతాను? ఏ మందూ తగలనిదే శుద్ధమైనదనుకున్నాను. ఇంట్లో ముగ్గురం, మనిషికొకటి చొప్పున సాదా వరుసలోంచి మూడు దుబ్బులు పెకలించాను. దుంపలు నిగనిగలాడుతున్నాయి. ఒక్క మచ్చ లేదు.

గుడి నుంచి తిరిగి వచ్చాక ఆ మూడు గుంటలూ చూశాను. ప్రతి గుంట పక్కనా నంబరు వేసిన పుల్ల ఉంది. నంబరు వేసిందంటే లెక్క ఉన్నట్టేగా. పక్కింటి అంకమ్మ పెరట్లో కూడా పసుపు ఉందని గుర్తొచ్చి పరుగెత్తాను. తనది ఈ ఏడు కలిసిరాలేదనీ, ఏది కావాలంటే అది తీసుకుపొమ్మనీ అంది. మూడు దుబ్బులు తెచ్చి గుంటల్లో పెట్టి మట్టి తొక్కి నీళ్ళు పోశాను. ఆకు కొంచెం పండుబారి ఉంది. పసుపాకు పసుపాకేగా అనుకున్నాను.

శనివారం వసంతి పెరట్లోంచి కేక వేసింది. వెళ్ళేసరికి మట్టిలో మోకాళ్ళ మీద ఉంది. “అమ్మా, సాదా వరుసకు పట్టింది. మూడింటికి పట్టింది.” రోగం వచ్చిందని అంత సంతోషించిన మనిషిని నేను చూడలేదు. అప్పుడు గానీ నేను చేసిందేమిటో నాకు తెలియలేదు. నోరు తెరిచాను. అది అప్పటికే రాసేస్తోంది. ఆ సాయంత్రం రెండోసారి అన్నం పెట్టించుకుంది. రేపు చెబుదామనుకున్నాను. ఆదివారం బస్సెక్కి వెళ్ళిపోయింది.

గౌరీదేవిగారు వచ్చిన రోజు వాన పడుతుందని భయపడ్డాను గానీ పడలేదు. యూనివర్సిటీ నుంచి వసంతికి పాఠం చెప్పే మిస్యే పియర్ కూడా వచ్చాడు. ఆవిడ తెల్లచీర అంచు పైకి దోపుకుని వరుసల మధ్యకు నడిచింది. మిస్యే పియర్ మందు వరుసలో మూడు దుబ్బులు తవ్వించాడు. శుభ్రంగా ఉన్నాయి. సాదా వరుసలో ఆకు పండుబారిన మూడూ తవ్వించాడు. వేలు పెడితే దుంప మెత్తగా నలిగింది, కుళ్ళు వాసన వచ్చింది. ఆయన వసంతి వైపు చూసి ఇక్కడి క్రియోల్ భాషలో మెచ్చుకున్నాడు. ఈ ఫలితం మీద పెద్ద చేను వేసి చూడవచ్చనీ, వచ్చే ఏడు రైతులకే చెప్పవచ్చనీ అన్నాడు.

“చేనుకు కూడా నేనే ఇస్తాను” అంది గౌరీదేవిగారు. “మా ఆయన తల్లి పసుపు ఇలాగే కుళ్ళిపోయిన ఏడే ఇల్లు అమ్ముకుంది. ఈ మందు చాలామందికి కావాలి.”

మా ఆయన నా వైపు చూసి కనుబొమలెగరేశారు, చూశావా అన్నట్టు. వసంతి నవ్వుతోంది. నాకు మాత్రం ఈ మాట నమ్మి వచ్చే ఏడు విత్తనం కొని మందునీళ్ళలో ముంచబోయే వాళ్ళంతా కళ్ళ ముందు వరుసగా నిలబడ్డారు.

ఆవిడ నా దగ్గరకు వచ్చింది. “పిల్ల వారానికొకసారే వస్తుందట. రోజూ కనిపెట్టేది నువ్వు. ఈ మూడూ ఎప్పటి నుంచి ఇలా అయ్యాయమ్మా?”

అందరూ నా వైపు తిరిగారు. అంకమ్మ గోడవతల గుడ్డలు ఆరేస్తోంది. మిస్యే పియర్ చేతిలో కుళ్ళిన దుంప ఉంది. వసంతి పుస్తకం తెరిచి, నేను చెప్పబోయే తేదీ కోసం పెన్సిలు పట్టుకుంది. ఇప్పుడు చెబితే దాని చదువు నా చేతులతో నేనే పెకలించినట్టు. కొంగు చివర మెలి తిప్పాను, విప్పాను, మళ్ళీ తిప్పాను. మా ఆయన దగ్గారు. వసంతి నవ్వు కొంచెం కొంచెంగా తగ్గింది. ఆవిడ నా వైపే చూస్తూ అలాగే నిలబడింది.

“పండగ మంగళవారం నుంచి” అన్నాను చివరికి. “ఇవి మా పసుపు కాదమ్మా. అంకమ్మ పెరట్లోవి, నేనే తెచ్చి పెట్టాను. మావి మూడూ అమ్మోరి దగ్గరున్నాయి. వాటికి మందూ వేయలేదు, తెగులూ రాలేదు. పిల్లకు ఇది తెలియదు.”